అడితి, అప్పు, ఎన్నిక

రాజమహేంద్రవరం

చిరంజీవి రఘుకి మామయ్య ఆశీస్సులు.

అప్పు తెచ్చి వ్యాపారం రెట్టింపు చేస్తానని, వచ్చే ఎన్నికల్లో ఒట్టావా కౌన్సిల్‌కి నిలబడతానని రాశావు. వద్దనను. కానీ మీ ఒట్టావా నది మీదే ఆ రెండు పనులూ చేసిన జాన్ ఈగన్ కథ ముందు విను. కలప అడితి నడిపినవాణ్ణి కదా, అతని లెక్కలు నాకు బాగా అర్థమవుతాయి.

ఈగన్ 1811లో ఐర్లండ్‌లోని గాల్వే ప్రాంతంలో పుట్టాడు. 1832లో కెనడా చేరి, బోనషేర్ నది ఐదో జలపాతం దగ్గర కలప వ్యాపారం మొదలెట్టాడు. ఆ చోటే నేటి ఈగన్‌విల్. తర్వాత క్వియాన్‌లో సామిల్లు పెట్టాడు. స్టీమర్లు దాటలేని షాట్స్ జలపాతాల దగ్గర భాగస్వాములతో కలిసి గుర్రాలు లాగే రైలు వేయించాడు. 1848లో శాసనసభకు గెలిచాడు, 1854లో పాంటియాక్ నుంచి మళ్ళీ గెలిచాడు.

ఆ వ్యాపారం ఎలా సాగేదో చూడు. చలికాలమంతా కూలీలు పైన్ మానులు కొట్టి, గొడ్డళ్లతో నాలుగు వైపులా చదునుగా చెక్కేవారు. ఎడ్లు, గుర్రాలు వాటిని మంచు మీద ఏటి ఒడ్డుకు ఈడ్చేవి. మంచు కరిగాక తెప్పలు కట్టి క్వెబెక్ దాకా తోలేవారు. అక్కణ్ణుంచి ఓడల్లో ఇంగ్లండుకి. సరుకు అమ్ముడైతేనే రొక్కం. అప్పటిదాకా కూలి, తిండి, మేత అన్నీ అరువే. ఇంగ్లండులో సుంకం మారినా, ధర పడినా దెబ్బ కెనడాలో తగిలేది.

1850ల నడుమ మార్కెట్ పడిపోయింది. అప్పటికే బాగా విస్తరించిన ఈగన్ మీద బాకీలు పడ్డాయి. 1857లో క్వెబెక్‌లో కలరా సోకి, 45 ఏళ్ళకే పోయాడు. మాడవాస్కా నది మీద అతనికున్న అడవుల హక్కుల్ని 1867లో జె.ఆర్. బూత్ 45,000 డాలర్లకు కొని, కెనడాలోనే పేరుమోసిన కలప వ్యాపారి అయ్యాడు. అడవి అదే, ఓపిగ్గా నిలిచినవాడికి కలిసొచ్చింది.

అందుకే చెబుతున్నాను. నీ అమ్మకాలన్నీ ఒకే పెద్ద ఖాతాదారు మీద ఆధారపడనివ్వకు. ఒక ఏడాది రాబడి ఆగినా వాయిదాలు కట్టగలిగినంతే అప్పు చెయ్యి. సభలో ఎంత బాగా మాట్లాడినా అది బాకీకి చెల్లు పడదు. ముందు ఖాతాలు సరిచేసుకో, ఆ తర్వాతే నామినేషన్ వెయ్యి. గెలిస్తే మాత్రం ఆ గుర్రపు రైలులాంటి పని, నలుగురికీ దారి సుగమం చేసేది, ఒక్కటైనా చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య