గుండె కొట్టుకుంటుంటే చనిపోయాడంటారేంటి?



మా ఊరు బుట్టాయగూడెం పైన కొండల్లో ఉంది. మా కొండరెడ్లలో మనిషి పోయాడో లేదో మా నానమ్మే చూసేది. ముక్కు దగ్గర దూదిపింజ పెట్టేది, అరికాళ్లు పట్టుకునేది. దూది కదలకపోయి కాళ్లు చల్లబడితే అప్పుడు ఏడుపు మొదలయ్యేది.

పోయినేడు సార్వా కోతలకి మావాళ్లు అత్తిలి వెళ్లారు. మిషన్ దిగని పల్లపు చేలకి ఇంకా మనుషులే కావాలి. అక్కడ రోడ్డు మీద మా బాబాయిని బండి గుద్దింది. తాడేపల్లిగూడెం, ఏలూరు, ఆఖరికి ఇంకా పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లారు. మూడో రోజున "బ్రెయిన్ డెత్" అన్నారు. నానమ్మ కాళ్లు పట్టుకుని చూసింది. వెచ్చగా ఉన్నాయి. ఛాతీ లేస్తోంది, పడుతోంది. "నా కొడుకు బతికే ఉన్నాడు, అబద్ధం చెప్తున్నారు" అంది. మాకెవ్వరూ విడమరిచి చెప్పలేదు. బడికొచ్చాక సైన్సు టీచరుగారిని అడిగి, చదివి తెలుసుకున్నది రాస్తున్నాను.

ఊపిరి తియ్యమని చెప్పేది మెదడు కింది భాగంలోని మజ్జాముఖం. దాని చుట్టుపక్కల భాగాన్ని మెదడు కాండం అంటారు. గుండె అలా కాదు, దాని తాళం దానిలోనే పుడుతుంది. మెదడు కాండం చచ్చిపోతే ఊపిరి ఆగుతుంది, ఆక్సిజన్ అందక కాసేపటికి గుండె ఆగుతుంది. పూర్వం ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి జరిగిపోయేవి. అందుకని దేన్ని చూసినా సరిపోయేది. నానమ్మ దూది తప్పు కాదు.

వీటిని విడదీసింది యంత్రం. 1952లో డెన్మార్కులోని కోపెన్‌హాగన్‌లో పోలియో వచ్చి పిల్లలకి ఊపిరాడలేదు. ఇబ్సెన్ అనే డాక్టరు గొంతులో గొట్టం పెట్టించి, రబ్బరు తిత్తిని చేత్తో నొక్కించారు. వైద్య విద్యార్థులు వంతులేసుకుని రాత్రింబగళ్లు నొక్కారంట! తర్వాత ఆ పని వెంటిలేటర్ చేసింది. ఎందరో బతికారు. కానీ మెదడు పూర్తిగా పోయినవాళ్ల గుండె కూడా కొట్టుకుంటూ ఉండిపోయింది. వీళ్లని ఏమనాలి? 1959లో ఫ్రాన్సు డాక్టర్లు ఇది కోమాని దాటిన స్థితి అన్నారు. 1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలో బర్నార్డ్ ఒకరి గుండెని ఇంకొకరికి పెట్టారు. 1968లో అమెరికాలోని హార్వర్డ్ కమిటీ మెదడు చావుని చావుగా లెక్కించాలంది. ఆశ లేనివాళ్లకి యంత్రం ఆపడానికి ఒకటి, అవయవాలు తీసుకోవడానికి ఒకటి, రెండు కారణాలు చెప్పింది. రెండోది చదివినప్పుడు నాకు భయం వేసింది. అవయవాల కోసం చావుకి అర్థం మార్చేశారా అనిపించింది.

మన దేశంలో 1994లో చట్టం వచ్చింది. నలుగురు డాక్టర్లు సంతకం పెట్టాలి. అవయవాలు మార్చే డాక్టర్లు వాళ్లలో ఉండకూడదు. పరీక్షలు ఆరు గంటల తేడాతో రెండుసార్లు చెయ్యాలి. కంట్లో లైటు వేస్తారు, నల్లగుడ్డుని దూదితో తాకుతారు, చెవిలో చల్లటి నీళ్లు పోస్తారు, గొంతులో గొట్టం కదిపి దగ్గు వస్తుందేమో చూస్తారు. ఇవి మనం చదివిన అసంకల్పిత ప్రతీకార చర్యలే. ఆఖర్న వెంటిలేటర్ తీసి, ఆక్సిజన్ మాత్రం ఇస్తూ, ఒంట్లో కార్బన్ డై ఆక్సైడ్ పెరిగేదాకా ఆగి, ఛాతీ తనంతట తాను లేస్తుందా అని చూస్తారు. కోమాలో ఉన్నవాళ్లు వేరు, వాళ్లలో కొందరు లేస్తారు. ఇందులో లేవరు.

ఇంకో చిక్కుంది. ఆ చట్టం అవయవదానం కోసం రాసింది. ఇంట్లోవాళ్లు దానం ఇవ్వమంటే యంత్రం తియ్యాలా వద్దా అని డాక్టర్లు వెనకాడతారు. కేరళలో 2020లో, దానం ఇచ్చినా ఇవ్వకపోయినా బ్రెయిన్ డెత్ చావే అని ఉత్తర్వు ఇచ్చారు. మన రాష్ట్రంలో అవయవదానాలు చూసే పథకం జీవన్‌దాన్. మావాళ్లు ఒప్పుకోలేదు. యంత్రం తియ్యలేదు. ఇంకో రెండు రోజులకి బాబాయి గుండె ఆగింది.

సంక్రాంతి సెలవులకి వెళ్లినప్పుడు ఇదంతా నానమ్మకి చెప్పాను. మజ్జాముఖం గట్రా ఆవిడకి ఎక్కలేదు. యంత్రం తీసి ఊపిరి చూస్తారన్న దగ్గర ఆపింది.

"అంటే ముక్కు దగ్గర దూది పెట్టినట్టేనా?"

"అట్టాంటిదే నానమ్మా. రెండుసార్లు."

చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ ముక్క అప్పుడే చెప్తే నేనూ పక్కన నిలబడి చూసేదాన్ని కదే" అంది.