ఇంకా పుట్టని పొరుగువారు

ధ్యాన భాగం: లూకా 10:25-37, 1:39-56



తన పొరుగువాడు ఎవరని ధర్మశాస్త్రోపదేశకుడు యేసును అడిగాడు. ప్రేమకు ఎక్కడో ఒక హద్దు గీయాలని అతని ఉద్దేశం. ప్రభువు హద్దు గీయలేదు, సమరయుని ఉపమానం చెప్పాడు. అందులో దెబ్బలు తిన్న మనిషి ఒక్క మాట కూడా మాట్లాడడు. తన పేరు చెప్పడు, సహాయం అడగడు. అయినా అతడు పొరుగువాడే.

గర్భంలోని బిడ్డ కూడా అడగలేనిదే. ఎలీసబెతు గర్భంలో గంతులు వేసిన యోహానుకూ, బేత్లెహేము తొట్టిలో పండుకొన్న యేసుకూ లూకా వాడిన గ్రీకు మాట ఒక్కటే: బ్రెఫోస్. మన తెలుగు బైబిల్లోనూ రెండు చోట్లా 'శిశువు' అనే ఉంది.

ఆది సంఘం దీన్ని గ్రహించింది. రోమా సామ్రాజ్యంలో ఇష్టం లేని పసికందులను బయట వదిలేయడం మామూలు విషయం. క్రీ.శ. 100 ప్రాంతానిదిగా ఎక్కువమంది పండితులు భావించే 'డిడాకే' అనే బోధ గ్రంథం, పొరుగువానిని ప్రేమించాలన్న ఆజ్ఞను వివరిస్తూనే, గర్భంలోని బిడ్డనూ పుట్టిన బిడ్డనూ చంపకూడదని విశ్వాసులకు నేర్పింది.

అయితే సమరయుడు, దొంగలు చేసింది తప్పని చెప్పి తన దారిన వెళ్ళిపోలేదు. కట్లు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్ళవానికి రెండు దేనారాలిచ్చాడు, ఇంకా ఖర్చయితే ఇస్తానన్నాడు. గర్భంలోని బిడ్డకు మన ప్రేమ చేరాలంటే తల్లి ద్వారానే చేరాలి. మరియ ఎలీసబెతు ఇంట్లో సుమారు మూడు నెలలు ఉండిపోయిన సంగతి గుర్తుందా?

మన ఊళ్ళో అయితే తొలికాన్పుకు పుట్టింటికి వెళ్తారు. పరాయి దేశంలో అమ్మకు వీసా రాకపోవచ్చు, భర్తకు సెలవు దొరకకపోవచ్చు. అప్పుడు సంఘమే ఆమెకు పుట్టిల్లు కావాలి. వేవిళ్ళతో ఉన్నప్పుడు కాస్త చారన్నం, హాస్పిటల్‌కు కారు, పెద్దబిడ్డను చూసుకునే ఒక ఇల్లు. ఇవే మన రెండు దేనారాలు.

మన నాలుకనూ పరీక్షించుకుందాం. పుట్టబోయేది ఆడో మగో చెప్పడాన్ని భారతదేశంలో 1994 నాటి చట్టం నిషేధించింది. మనం ఉంటున్న దేశాల్లో చాలాచోట్ల స్కానింగ్‌లోనే చెప్పేస్తారు. "మళ్ళీ ఆడపిల్లేనా?" అని ఫోన్లో మనం విడిచే నిట్టూర్పు ఆ తల్లి మీద ఎంత బరువు మోపుతుందో ఆలోచించారా? బిడ్డకు లోపం ఉందని విన్న దంపతులకు, పెళ్ళికాకుండా గర్భవతి అయిన అమ్మాయికి, 'చర్చిలో నలుగురూ ఏమంటారో' అన్న భయమే మొదట రాకూడదు.

గతంలో గర్భం తీయించుకొని ఆ భారం మోస్తున్న సహోదరీ, అందుకు ఒత్తిడి చేసిన సహోదరుడా, 1 యోహాను 1:9 మీకోసం కూడా వ్రాయబడింది. ప్రభువు దగ్గరికి రండి.

ఆలోచించండి: ఈ వారం మీ సంఘంలో ఏ గర్భవతి తలుపు తట్టగలరు? ఏం తీసుకెళ్తారు?

మాట్లాడలేని పొరుగువారిని చూసే కన్నులు దేవుడు మనకు దయచేయును గాక. ఆమేన్.