సైకిలు మీద రెండు కోటలు

పిల్లలూ! మన బడి ఉన్న అల్ ముంతజాకు ఒక పక్క బి రింగ్ రోడ్డు, ఇంకో పక్క సి రింగ్ రోడ్డు. పటంలో చూస్తే ఈ రోడ్లు దోహాను అర్ధచంద్రాల్లా చుట్టి ఉంటాయి, ఒకదాని లోపల ఒకటి. ఈ బొమ్మను గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పని పడుతుంది.

2018 శీతాకాలం సెలవుల్లో మేము చైనాలోని షియాన్ నగరానికి వెళ్ళాం. దీని పాత పేరు చాంగాన్. ఇప్పుడున్న కోటగోడను 1370లలో, మింగ్ వంశపు మొదటి చక్రవర్తి కాలంలో కట్టారు. చుట్టుకొలత సుమారు 13.7 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు. గోడ పైభాగం మన వీధులకన్నా వెడల్పు. అందుకే అక్కడ సైకిళ్ళు అద్దెకిస్తారు! దక్షిణ ద్వారం దగ్గర ఎక్కి, చలిలో రెండు గంటలు తొక్కి, మళ్ళీ అక్కడే దిగాం. ఇటుకల నేల కదా, ఒళ్ళు హూనమైందనుకోండి.

దిగగానే మా పాప అడిగింది, "మనకిలాంటి ఊరు లేదా నాన్నా?" అని.

మాకు నోట మాట రాలేదు. ఓరుగల్లులో నాలుగేళ్ళు ఇంజినీరింగు చదివాం. కోటకు వెళ్ళింది ఒక్కసారి, అదీ తోరణం ముందు ఫొటో దిగడానికి. అక్కడ ఎన్ని గోడలున్నాయో కూడా ఏనాడూ పట్టించుకోలేదు.

మరుసటేడు ఆగస్టులో, చుట్టాల ఇంట్లో రెండు సైకిళ్ళు అడిగి తీసుకుని, పొద్దున్నే బయల్దేరాం. ఇక్కడ మన రింగ్ రోడ్ల బొమ్మ తలుచుకోండి. ఓరుగల్లు గోడలు కూడా ఒకదాని లోపల ఒకటిగా ఉంటాయి, కాకపోతే పూర్తి వలయాలు. లోపలిది రాతికోట, సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసం. దాని చుట్టూ 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట. రెండింటికీ అగడ్తలు, అంటే నీటి కందకాలు. వ్యాసాన్ని 3.14తో హెచ్చవేసి ఎంత దూరం తొక్కాలో మీరే లెక్క కట్టండి. షియాన్ గోడ దీర్ఘచతురస్రం, మనది వృత్తం. ఒకే పొడవు గోడతో వృత్తంగా కడితే లోపల ఎక్కువ చోటు దొరుకుతుంది!

రాతికోటను గణపతిదేవుడు మొదలుపెడితే, ఆయన కూతురు రుద్రమదేవి (1262-1289) పూర్తి చేసింది. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ అది. 45 బురుజులు. గోడ లోపలి వైపు పొడవునా మెట్లు, సైనికుడు ఎక్కడినుంచైనా పరుగున పైకెక్కడానికి. ద్వారంలో దారి నేరుగా పోదు, అడ్డంగా మలుపు తిరుగుతుంది. శత్రువుల ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపును ఢీకొట్టకుండా చేసిన ఏర్పాటు ఇది. ఆ మలుపులో మా పాప ఎదురుగా వస్తున్న ఆటోను చూసి బ్రేకు వేయబోయి పడింది. ఏడు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ ఎత్తు పనిచేస్తోందన్నమాట!

మట్టికోట దగ్గర మాత్రం చిన్నబుచ్చుకుంది. "ఇదేనా గోడ? చెరువు కట్టలా ఉందే!" అంది. గడ్డి మొలిచి, కొన్నిచోట్ల తెగిపోయి, పక్కన ఇళ్ళు లేచి, నిజంగానే అలాగే ఉంది. కానీ 1310లో మాలిక్ కాఫూర్ సైన్యం ఈ గోడ ముందే ఆగింది. ఉక్కు ఈటె కూడా దిగనంత గట్టి మట్టి అని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. మెచ్చుకున్నది శత్రుపక్షం కవి, గమనించారా? 1323లో ఓరుగల్లు పడిపోయింది. నడుమనున్న స్వయంభూ ఆలయం కూలింది, నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు మిగిలాయి. 2014 నుంచి తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఆ తోరణమే.

ఈ రెండు ఊళ్ళనూ కలిపే మనిషి ఒకడున్నాడు, మార్కోపోలో. చైనాలో ఏళ్ళ తరబడి ఉండి, షియాన్ గురించి రాశాడు. తిరుగు ప్రయాణంలో చూసిన దేశాల్లో మన మోటుపల్లి రేవునూ, అక్కడి సాలెగూడు లాంటి సన్నని బట్టలనూ, రాజ్యమేలిన రాణినీ వర్ణించాడు. రుద్రమను గణపతిదేవుని భార్య అనుకున్నాడు పాపం!

ఈ వేసవిలో ఇండియా వెళ్ళేవాళ్ళకు ఇంటిపని. గోల్కొండో, కొండపల్లో, గుత్తో, మీ ఊరికి దగ్గరున్న కోటకు వెళ్ళి, ఒక గోడ పొడవు అడుగులతో కొలిచి రండి. అక్కడివాళ్ళు ఆ గోడను ఏమంటారో అడిగి, ఆ మాట నోటుపుస్తకంలో రాసుకోండి. ఓరుగల్లు రాతికోట చుట్టూ సైకిలు చక్రం ఎన్నిసార్లు తిరిగిందో మా పాప లెక్కపెట్టింది, పడిన తర్వాత కాస్త లెక్క తప్పిందట. అనుమానముంటే తననే అడగండి.