పట్టిక తాజా అయింది, మీ దిద్దుబాటు ఏమైంది?

సూరత్ శివార్లలోని ఇచ్ఛాపూర్‌లో రత్నాభరణాల పార్కు ఉంది. వజ్రాల వ్యాపారంలో బరువును క్యారెట్లలో, రెండు దశాంశ స్థానాల వరకు రాస్తారు. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. అంటే 0.01 క్యారెట్ 2 మిల్లీగ్రాములే. అయినా బరువు 1.00 నుంచి 0.98కి తగ్గితే, మిగతా గుణాలన్నీ ఒకటే అయినా ఒక్కో క్యారెట్ ధర సాధారణంగా కింది శ్రేణికి పడిపోతుంది.

ఇలాంటి చోట సరుకు వివరాలు ఒక వెబ్ పట్టికలో ఉన్నాయనుకుందాం. మళ్లీ సానబట్టిన రాయిని తూచిన ఉద్యోగి 1.00ను 0.98గా దిద్దాడు. ‘సేవ్’ నొక్కేలోపే పట్టిక సర్వర్ నుంచి కొత్త సమాచారం తెచ్చుకుంది. గడిలో మళ్లీ 1.00 కనిపించింది. హెచ్చరికేమీ రాలేదు. గమనించకపోతే ఆ రాయి తప్పు బరువుతోనే అమ్మకానికి వెళుతుంది.

లోపం ఎక్కడుంది? ఆ గడి ఒకే విలువను గుర్తుపెట్టుకుంది. నిజానికి మూడు కావాలి: దిద్దడం మొదలుపెట్టినప్పటి మూల విలువ, మనం రాసిన విలువ, సర్వర్ ఇప్పుడు పంపిన విలువ. ఈ మూడింటినీ పోలిస్తే నాలుగు సందర్భాలు వస్తాయి.

1. మనం ఏమీ మార్చలేదు: సర్వర్ విలువను చూపాలి.
2. మనమే మార్చాం, సర్వర్‌లో మూల విలువే ఉంది: మన విలువను ఉంచి, గడికి ‘సేవ్ కాలేదు’ అనే గుర్తు పెట్టాలి.
3. ఇద్దరూ ఒకే విలువకు మార్చారు: గుర్తు తీసేయవచ్చు.
4. ఇద్దరూ వేర్వేరుగా మార్చారు: రెండింటినీ చూపి, మనిషినే అడగాలి.

రెండు జాగ్రత్తలు అవసరం. దిద్దుబాటును ‘అయిదో వరుస’కు కాక, రాయి గుర్తింపు సంఖ్యకు ముడిపెట్టాలి. లేకుంటే వరుసల క్రమం మారగానే 0.98 వేరే రాయికి చేరుతుంది. అలాగే, మనం బరువు దిద్దుతుండగా మరొకరు పాత బరువును బట్టి ధర మార్చి ఉండవచ్చు. గడులు వేరైనా వాటికి సంబంధం ఉంది కాబట్టి, రెండింటినీ కలిపే పరిశీలించాలి.

సేవ్ చేసేటప్పుడూ పరీక్ష తప్పదు. ప్రతి వరుసకూ ఒక సంచిక సంఖ్య ఉంటుంది. మన దగ్గరున్న సంఖ్య, సర్వర్‌లోని సంఖ్య సరిపోలితేనే మార్పును అంగీకరించాలి. ముందే తాళం వేయకుండా చివర్లో సరిచూసే ఈ పద్ధతిని హెచ్.టి. కుంగ్, జాన్ రాబిన్సన్ 1981లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో వివరించారు. వెబ్‌లో ఇలా ముందు పెట్టిన షరతు తప్పితే సర్వర్ 412 అనే సంకేతం పంపుతుంది.

మీరు వాడే పట్టికను మీరే పరీక్షించవచ్చు. నమూనా సమాచారంతో దాన్ని రెండు విండోల్లో తెరవండి. మొదటిదాంట్లో ఒక గడిని దిద్ది, సేవ్ చేయకుండా వదలండి. రెండోదాంట్లో అదే గడిని వేరేగా మార్చి సేవ్ చేయండి. ఇప్పుడు మొదటి విండోకు వచ్చి, పట్టికలోని ‘తాజా చేయి’ బటన్ నొక్కండి. మీరు రాసింది చెప్పకుండా మాయమైతే, ఆ పట్టికను ఇంకా సరిచేయాల్సి ఉన్నట్టే.