గడ్డికి పోసే నీళ్లు, మనం తాగే నీళ్లు

ఎండాకాలంలో సూళ్లూరుపేట నుండి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద ప్రయాణించినవారికి ఈ దృశ్యం తెలిసిందే. రెండు పక్కలా పులికాట్ సరస్సు ఎండిపోయి, నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుంది. దీవికి ఒక పక్క ఆ ఉప్పు సరస్సు, మరో పక్క బంగాళాఖాతం. మధ్యలో ఉన్నది ఇసుక. ఆ ఇసుకలో ఇంకిన వాననీరే బావుల్లోకి మంచినీరుగా ఊరుతుంది. అది అక్కడ ఎలా నిలుస్తున్నదో తెలిస్తే, వానలు లేని ఏడాది ఇంటి ముందు లాన్‌కు నీళ్లు ఎందుకు మానమంటున్నామో మీకే అర్థమవుతుంది.

మంచినీరు ఉప్పునీటికంటే తేలిక. అందువల్ల అది అడుగునున్న ఉప్పునీటి మీద, పాల మీద మీగడలాగా తేలుతుంది. మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక మీటరు పైన ఉంటే, కింద సుమారు 40 మీటర్ల మందాన మంచినీరు నిలుస్తుందని శాస్త్రజ్ఞుల లెక్క. ఇది తిరగేసి చూడండి. పైన మట్టం కొంచెం తగ్గినా, అడుగున ఉప్పు దానికి ఎన్నో రెట్లు పైకి వస్తుంది.

మన పెద్దలకు ఈ లెక్క తెలియకపోయినా పని తెలుసు. తీరంలో ఇసుకను కొద్ది లోతు మాత్రమే తవ్వి, ఊరిన నీటిని కడవలతో ముంచుకునేవారు. అవే దొరువులు. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు వాటినే మెరుగుపరచి, గొట్టాలను లోతుకు దింపకుండా అడ్డంగా పరచి పైనీటిని మాత్రమే తీసే పద్ధతి తయారుచేశారు. లోతుగా బోరు దింపి గంటల తరబడి మోటారు వేస్తే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. పులికాట్‌కు దక్షిణాన, చెన్నై దారిలో ఉన్న మీంజూరు ప్రాంతంలో అతిగా తోడటం వల్ల సముద్రపు నీరు భూగర్భంలోకి చొరబడినట్లు 1969లోనే గుర్తించారు. తరువాత అది పది కిలోమీటర్లకు పైగా లోపలికి పాకింది.

ఇప్పుడు లాన్ సంగతి. మండే ఎండల్లో గడ్డి పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకు రోజుకు దాదాపు 5 లీటర్లు కావాలి. 100 చదరపు మీటర్ల లాన్‌కు 500 లీటర్లు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు లక్ష్యంగా పెట్టుకున్నది. అంటే ఆ గడ్డి తొమ్మిది మంది నీళ్లు తాగుతున్నదన్నమాట! మా తప్పు కూడా చెప్పుకోవాలి. మన ఆసుపత్రి ముందు గడ్డి ఎండిపోతే చూసేవారు ఏమనుకుంటారోనని మిట్టమధ్యాహ్నం పైపు వదిలేసిన రోజులున్నాయి. గరిక ఎండి గోధుమరంగుకు తిరిగితే చచ్చినట్లు కాదు. వేరు బ్రతికే ఉంటుంది, వాన పడగానే చిగురిస్తుంది. దానిని తొక్కకుండా, పొట్టిగా కత్తిరించకుండా వదిలేస్తే చాలు.

మిగిలిన నీటిని కరివేపాకుకు, మునగకు, కొబ్బరికి ఇవ్వండి. ఒకేసారి ఎక్కువ పోయమనే సలహా బంకనేలకు సరిపోతుంది గాని మన ఇసుకకు కాదు. ఇక్కడ బిందెడు పోస్తే అరబిందె వేరును దాటి కిందికి పోతుంది. తెల్లవారుజామున గాని, పొద్దు వాలాక గాని కొద్దికొద్దిగా పోయండి. పాదులో కొబ్బరిపీచు, ఎండుటాకులు పరచండి. మొక్క పక్కన మట్టికుండను మూతి పైకి ఉండేలా పాతి, నీళ్లు నింపి మూత పెడితే చెమ్మ మెల్లగా వేరుకు అందుతుంది. బియ్యం కడిగిన నీళ్లు ఏ మొక్కకైనా మంచివే. స్నానం చేసిన నీళ్లు చెట్లకు పోయవచ్చు, ఆకుకూరలకు వద్దు. రోగి బట్టలు, పసిపిల్లల గుడ్డలు ఉతికిన నీళ్లు అసలే వద్దు.

బావినీరు చప్పదనం పోయి ఉప్పగా మారుతున్నట్లు అనిపిస్తే ఆలస్యం చేయకండి. మరిగిస్తే ఉప్పు పోతుందని చాలామంది మాతో అంటుంటారు. పోదు. క్రిములు చస్తాయి, నీరు ఆవిరై ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారికీ, గర్భిణులకూ ఆ నీరు మంచిది కాదు. కూరలో ఉప్పు తగ్గించి, తాగే నీటిలో తెలియకుండా ఉప్పు తీసుకుంటే మాత్ర వేసుకున్నా బి.పి. దిగకపోవచ్చు. డాక్టరు దగ్గరకు వచ్చినప్పుడు ఏ నీరు తాగుతున్నారో తప్పక చెప్పండి. విరేచనాలకు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లం కూడా ఉప్పునీటిలో కలపవద్దు. ఆర్.ఓ. యంత్రం ఉన్నవారు అది బయటకు వదిలే నీటిని మొక్కలకు పోయక, మరుగుదొడ్డికి వాడుకోండి. అందులో ఉప్పు మరీ ఎక్కువ.

నీళ్ల కరువు వచ్చిందంటే ఇంటింటా డ్రమ్ములు, తొట్లు నిండుతాయి. డెంగీ దోమకు కావలసింది అదే. పగలు కుట్టే ఈ దోమ గుడ్డు పెట్టిన పదిరోజుల్లోపే కొత్త దోమ ఎగిరిపోగలదు. మూత సందు లేకుండా గుడ్డతో బిగించి కట్టండి. వారానికొకసారి డ్రమ్ము ఖాళీ చేసినప్పుడు నీళ్లు పారబోయక చెట్లకు పోసి, లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్దండి. గుడ్లు ఆ గోడకే అంటుకుని, నెలల తరబడి ఎండినా చావకుండా, మళ్లీ నీళ్లు పోసే రోజు కోసం కాచుకుని ఉంటాయి.