అక్షరాల తెర, బొమ్మల తెర: కంప్యూటరు సెటప్‌తో ఒక పాఠం



ఉమ్ ఘువైలినాలో ప్రతి శుక్రవారం మన తెలుగు బడి జరిగే గదిలో, పుస్తకాల అలమర పక్కన ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. మీరు చదివిన పద్యాలు, చెప్పిన కథలు ఏడేళ్ళుగా అందులోనే రికార్డు చేస్తూ వచ్చాం. 2024 నవంబరులో, వార్షికోత్సవం ఇంకా తొమ్మిది రోజులుందనగా, అది మొరాయించింది. మీట నొక్కితే ఒక నీలి తెర కనిపించడం, ఆరిపోవడం, మళ్ళీ మొదటికి రావడం. దుకాణానికి తీసుకువెళితే "డిస్కు పోయింది, ఫార్మాట్ చేసి ఇస్తాం" అన్నారు. ఫార్మాట్ చేస్తే ఏడేళ్ళ గొంతులూ పోతాయి. వేరే చోట కాపీ దాచుకోకపోవడం మా తప్పే. ఏమీ చేయించకుండా దాన్ని తిరిగి బడికి తెచ్చుకున్నాం. తరువాత జరిగింది చెప్పేముందు చిన్న పాఠం.

బయోస్ అంటే ఏమిటి?

కంప్యూటరుకు కరెంటు రాగానే విండోస్ లేవదు. మదర్‌బోర్డు మీద ఉండే చిన్న చిప్‌లోని ప్రోగ్రాం ముందు లేస్తుంది. మెమరీ ఉందా, కీబోర్డు ఉందా, డిస్కు ఎక్కడుంది అని చూసుకుని, ఆ తరువాతే విండోస్‌ను లేపుతుంది. ఇంట్లో అందరికంటే ముందు లేచి పాలు కాచి, పిల్లల్ని లేపే అమ్మమ్మ లాంటిదన్నమాట. ఇలాంటి ప్రోగ్రాంను ఫర్మ్‌వేర్ అంటారు. పాత కంప్యూటర్లలో దాని పేరు బయోస్, ఇప్పటివాటిలో యూఈఎఫ్ఐ.

ఈ అమ్మమ్మకు మనం కొన్ని మాటలు చెప్పి ఉంచాలి: ఈ రోజు తేదీ ఎంత, ఏ డిస్కు నుంచి లేపాలి వంటివి. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఇందుకు తెరే లేదు. మూత తీసి, బోర్డు మీది బుల్లి స్విచ్‌లు అటూ ఇటూ జరపాలి. 1984లో వచ్చిన పీసీ ఏటీలో బ్యాటరీతో పనిచేసే చిన్న జ్ఞాపకశక్తి చిప్ పెట్టారు. అందులో మొత్తం 64 బైట్లే! దాన్ని మార్చే సెటప్ ప్రోగ్రాం విడిగా ఫ్లాపీలో వచ్చేది. తరువాతి కాలంలో సెటప్ కూడా బోర్డు మీది చిప్‌లోకే చేరింది.

అక్షరాల తెర

మేము ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ల్యాబులో చూసింది ఈ తెరనే. మౌస్ పనిచేయదు. బాణం మీటలతో పైకీ కిందికీ కదలాలి, ఎంటర్ నొక్కాలి, ఎఫ్10తో భద్రపరచాలి.

ఇలా ఎందుకు చేశారు? లెక్క చూడండి. అక్షరాల తెర అంటే అడ్డంగా 80, నిలువుగా 25 గళ్ళు ఉన్న గళ్ళ కాగితం. మొత్తం 2000 గళ్ళు. ఒక్కో గడికి అక్షరం కోసం ఒక బైటు, రంగు కోసం ఒక బైటు. అంటే తెరంతా 4000 బైట్లలో సరిపోతుంది. అదే 1024 చుక్కల వెడల్పు, 768 చుక్కల ఎత్తు ఉన్న బొమ్మల తెరకు, చుక్కకు 4 బైట్ల చొప్పున 31 లక్షల బైట్లు దాటుతుంది. మొదటి ఐబీఎం పీసీలో బయోస్ మొత్తం 8 కిలోబైట్లే. అందులో బొమ్మలకు చోటెక్కడిది?

బొమ్మల తెర

బొమ్మల సెటప్ నిన్న మొన్నటిదని చాలామంది అనుకుంటారు. 1985లో సుబ్రమణియన్ శంకర్ అమెరికాలో స్థాపించిన అమెరికన్ మెగాట్రెండ్స్ సంస్థ 1990ల మొదట్లోనే విన్‌బయోస్ పేరుతో కిటికీలు, బొమ్మలు, మౌస్ ఉన్న సెటప్ తెచ్చింది. కానీ అప్పట్లో అది నిలదొక్కుకోలేదు. 2005లో యూఈఎఫ్ఐ ఫోరం ఏర్పడింది. చిప్‌లు కిలోబైట్లు దాటి మెగాబైట్లకు ఎదిగాయి. 2011 నుంచి మౌస్‌తో నడిచే బొమ్మల సెటప్ మామూలు ఇళ్ళకూ వచ్చేసింది. ఇప్పటి బోర్డుల్లో 16 లేదా 32 మెగాబైట్ల చిప్ ఉండడం మామూలే.

ఏది మేలు?

బొమ్మల తెరలో ఫ్యాను వేగం, వేడి ఒక్క చూపులో తెలుస్తాయి. డిస్కుల వరుసను మౌస్‌తో లాగి మార్చవచ్చు. చాలా బోర్డుల్లో ఒక మీట నొక్కితే తెర ఫోటో పెన్ డ్రైవులోకి వెళుతుంది. కొత్తవారికి భయం ఉండదు. కాకపోతే మొదట కనిపించే "ఈజీ మోడ్"లో సగం విషయాలు దాగి ఉంటాయి. వాటి కోసం "అడ్వాన్స్‌డ్ మోడ్"కు వెళ్ళాలి.

అక్షరాల తెరలో దాపరికం తక్కువ. ఎడమవైపు విషయం, దాని పక్కన విలువ, కుడివైపు చిన్న వివరణ ఉంటాయి. దూరాన ఉన్న సర్వర్‌ను ఒక సన్నని సీరియల్ తీగ ద్వారా సరిచేయాలన్నా అక్షరాలే సులువు. అయితే అక్కడ చదవక తప్పదు. చదవకుండా నొక్కితే ప్రమాదం రెండు తెరలలోనూ ఒకటే.

మరి తెలుగు?

మన బడికి దానంగా వచ్చిన మరో కంప్యూటరులో బొమ్మల సెటప్ ఉంది. దాని భాషల జాబితాలో జర్మన్, చైనీస్, జపనీస్ ఉన్నాయి. "తెలుగు ఎందుకు లేదు?" అని పిల్లలు నిలదీశారు.

పాత అక్షరాల తెరలో 256 ఆకారాలకే చోటు. మన గుణింతాలే ఐదు వందలు దాటుతాయి, ఒత్తులు కలిస్తే వేలు. పైగా ఒక అక్షరం ఒక గడిలో ఇమడాలి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాల కలయిక. ఇరుకు గడిలో అదెలా పడుతుంది? 1980లలో కాన్పూరు ఐఐటీలో మొదలై, తరువాత పుణేలోని సీ-డాక్ అందించిన జిస్ట్ కార్డు ఈ చిక్కునే విప్పింది. ఆ కార్డు బిగిస్తే డాస్ ప్రోగ్రాముల్లో కూడా తెలుగు కనిపించేది.

యూఈఎఫ్ఐలో మాటలను మెనూ నుంచి విడిగా, భాషలవారీగా దాచే ఏర్పాటు ఉంది. కాని దాని సాధారణ ఫాంటులో అక్షరాలకు రెండే కొలతలు: 8 చుక్కల వెడల్పు, లేదా 16 చుక్కల వెడల్పు. ఎత్తు 19. పక్క అక్షరాన్ని బట్టి ఆకారం మార్చుకునే లిపులకు అది చాలదు. మీరు స్కూల్లో నేర్చుకునే అరబిక్‌కూ ఇదే ఇబ్బంది.

మళ్ళీ మన డెస్క్‌టాప్ దగ్గరికి

ఆ సంవత్సరం సెప్టెంబరులో ఒక తరగతిలో పిల్లలకు రెండు కంప్యూటర్ల సెటప్ తెరలూ చూపించి, "కనిపించింది నోట్సులో రాసుకోండి" అన్నాం. బొమ్మల తెరను అందరూ రంగులతో గీశారు, ఫ్యాను చాలా బాగా వచ్చింది! అక్షరాల తెరను మాత్రం గీయడానికి ఏమీ లేక, వరుసగా రాసుకున్నారు.

నవంబరులో మొరాయించింది అక్షరాల తెర ఉన్నదే. డెల్ మీట నొక్కి లోపలికి వెళ్ళాం. తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయి ఉంది. అంటే సెటప్ జ్ఞాపకాన్ని కాపాడే సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయింది. రూపాయి బిళ్ళలా ఉండే 3 వోల్టుల బ్యాటరీ అది. ప్లగ్గు తీసి, కొత్తది వేసి, తేదీ సరిచేశాం. అయినా నీలి తెరే.

అప్పుడు ఆరో తరగతి అమ్మాయి నోట్సు పట్టుకుని వచ్చింది. "అంకుల్, నా పుస్తకంలో సాటా మోడ్ దగ్గర ఏహెచ్‌సీఐ అని ఉంది. ఇక్కడ ఐడీఈ అని ఉంది."

నిజమే. బ్యాటరీ పోగానే బయోస్ అన్నీ మరిచి, ఫ్యాక్టరీ విలువలకు వెళ్ళిపోయింది. డిస్కుతో మాట్లాడే పద్ధతి మారిపోయింది. విండోస్‌కు ఆ పద్ధతి తెలియక డిస్కు అందలేదు. డిస్కు పాడవలేదు. ఆ ఒక్క వరుస మార్చి ఎఫ్10 నొక్కాం. విండోస్ లేచింది. ముందుగా చేసిన పని రికార్డులన్నీ రెండు చోట్ల కాపీ చేయడం. తొమ్మిదో రోజున అవి హాల్లో వినిపించాయి.

తల్లిదండ్రులకు ఒక మాట

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు మారాలంటే సెటప్‌లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ చూసుకోవలసి రావచ్చు. ముందు ఫైళ్ళ కాపీ తీయండి. బిట్‌లాకర్ వాడుతుంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి. లేకపోతే సెటప్ మార్చాక తాళం పడవచ్చు.

ఇంటిపని

1. అమ్మనో నాన్ననో పక్కన ఉంచుకుని మీ ఇంటి కంప్యూటరు సెటప్ తెరవండి. ఏమీ మార్చకండి. కనిపించిన పది వరుసలు నోట్సులో రాయండి.
2. అందులో గడియారం చూడండి. దోహాలో ఉదయం 9 గంటలైతే హైదరాబాదులో ఎంత? మీ సెటప్ ఏ ఊరి సమయం చూపిస్తోంది?
3. "భద్రపరచి బయటికి వెళ్ళు", "మార్పులు వదిలి బయటికి వెళ్ళు" వంటి పది మాటలకు మీ తెలుగు రాసి తీసుకురండి. యూఈఎఫ్ఐలో తెలుగు వచ్చే రోజుకు మన జాబితా సిద్ధంగా ఉండాలి కదా!