టోకెన్ అడ్వాన్స్‌కు ముందు అద్దె లెక్క

‘‘కొనేయండి సార్, అద్దెతోనే ఈఎంఐ వెళ్లిపోతుంది.’’ హైదరాబాద్‌లో ఫ్లాట్లు చూడ్డానికి వెళ్లిన ఉద్యోగులకు తరచూ వినిపించే మాట ఇది. టోకెన్ అడ్వాన్స్ చేతిలో పెట్టే ముందు ఒక్క సాయంత్రం కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోండి.

పెట్టుబడి ఎంత?

ఫ్లాట్ ధర 80 లక్షలు అనుకుందాం. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షలు. కప్‌బోర్డులు, కిచెన్ వుడ్‌వర్క్, ఫ్యాన్లు, గీజర్లకు మరో 4 లక్షలు. వెరసి 90 లక్షలు. ఇంకా కడుతున్న ఫ్లాటైతే ఫ్లాట్ ధర మీద 5 శాతం జీఎస్టీ కూడా తోడవుతుంది. రాబడి శాతం ఎప్పుడైనా ఈ మొత్తం మీదే లెక్కగట్టాలి.

చేతికి మిగిలేదెంత?

నెలకు 25 వేల చొప్పున ఏడాదికి 3 లక్షల అద్దె. పైకి 3.3 శాతం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇందులోంచి పోయేవి చూడండి:

- ఏడాదిలో ఒక నెల ఖాళీ: 25,000
- ఆ నెల మెయింటెనెన్స్ మనమే కట్టాలి: 3,500
- రెండేళ్లకోసారి బ్రోకర్‌కు నెల అద్దె, ఏడాది వాటా: 12,500
- ఆస్తి పన్ను: 9,000
- పెయింటింగ్, ప్లంబింగ్, బాత్‌రూం సీపేజీ వంటివి: 20,000

మొత్తం 70 వేలు. మిగిలింది 2.30 లక్షలు, అంటే 2.6 శాతం కూడా లేదు.

ఇక ఆదాయపు పన్ను. వచ్చిన అద్దెలోంచి కట్టిన ఆస్తి పన్ను తీసేసి, మిగతాదాంట్లో 30 శాతం మినహాయిస్తారు. మరమ్మతులకు అంతకంటే ఎక్కువ అయినా మినహాయింపు అంతే. అప్పు లేకుండా కొని, 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి సుమారు 58 వేలు కట్టాలి. చివరికి చేతికొచ్చేది 1.72 లక్షలు: 1.9 శాతం.

అప్పు చేసి కొంటే?

60 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 52 వేలు. మొదటి నెల వడ్డీయే 42,500. పాతిక వేల అద్దె వడ్డీకే చాలదు. వడ్డీ చూపించుకుంటే అద్దె మీద పన్ను పడకపోవచ్చు. కానీ కొత్త పన్ను విధానంలో అద్దెను మించిన వడ్డీ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకునే వీలు లేదు.

వాచ్‌మన్‌ను అడగండి

అద్దె ఎంతొస్తుందో ఏజెంటును అడిగి ఊరుకోకండి. ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో పది నిమిషాలు మాట్లాడండి. ఎన్ని ఫ్లాట్లు ఖాళీ, టూలెట్ బోర్డు ఎన్ని నెలలుగా వేలాడుతోంది, వేసవిలో నీళ్ల ట్యాంకర్లు ఎన్ని వస్తాయి, ఇవన్నీ అతనికి తెలుసు. అసోసియేషన్ వారిని కార్పస్ ఫండ్‌లో ఎంతుందో అడగండి. లిఫ్టు మార్చాల్సి వచ్చినప్పుడు అది చాలకపోతే మిగతాది యజమానులే వేసుకోవాలి. మీ వాటాకు ఎన్ని గజాల స్థలం వస్తుందో దస్తావేజులో చూసుకోండి. కట్టడం ఏటా పాతబడుతుంది, రేపు ధరను నిలబెట్టేది ఆ స్థలమే.

ధర పెరుగుతుందన్న నమ్మకంతో కొనడం తప్పు కాదు. ఆ ఆశను మాత్రం అద్దె లెక్కలో కలపకండి. ఫ్లాట్ ఆరు నెలలు ఖాళీగా ఉన్నా, ఇల్లు గడుపుకుంటూ జీతంతోనే ఈఎంఐ కట్టగలమనుకుంటేనే అడ్వాన్స్ ఇవ్వండి.